తారస్థాయి గొంతు

మన సంఘం వార్షిక సంచికకి ఏదైనా రాసివ్వమని కార్యదర్శి అడిగినప్పుడు "భౌతికశాస్త్రం మీద రాస్తాను" అన్నాను. "ఎవరు చదువుతారు తల్లీ, పాట మీద రాయరాదూ" అన్నాడతను. రెండూ ఒకటేనని అతనికి అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తున్నాను. ఈ వ్యాసంలో కొంత శబ్దశాస్త్రం ఉంది, కొంత ఒక పాశ్చాత్య గాయని చరిత్ర ఉంది, కొంత నా సొంత గోడు ఉంది. మూడూ గొంతు చుట్టూ తిరిగేవే కనుక పాఠకమిత్రులు విసుక్కోరని నమ్మకం.

నేను రైతుబిడ్డను. మాది ఖమ్మం జిల్లాలో మధిర వైపు ఒక పల్లె. ఈ గట్టు మీద నిలబడి కేకేస్తే అవతలి మిరపచేలో ఉన్న నాన్నకి వినపడాలి. అదే మా ఇంట్లో అందరికీ మొదటి సంగీత పాఠం. నాన్న ఏటా శివరాత్రికి హరిశ్చంద్ర వేషం కడతాడు. ఆయన కాటిసీను పద్యం ఎత్తుకుంటే ముసలమ్మలు కళ్ళు తుడుచుకుంటారు. చంద్రమతిని మాత్రం బయటినుంచి పిలిపిస్తారు, రాత్రికి ఇంత అని మాట్లాడుకుని. ఊళ్ళో ఆడపిల్లలెవరూ ఆ వేషానికి ముందుకు రారు. ఆ వేషం నేనే కట్టాలని చిన్నప్పటినుంచీ నా కోరిక. చదువుకోసం హైదరాబాదు వచ్చి అమీర్‌పేటలో హాస్టల్లో చేరాక కూడా ఆ కోరిక వదల్లేదు.

అమీర్‌పేట అంటే మైత్రీవనం చుట్టూ కంప్యూటరు కోర్సుల బోర్డులేనని అందరి అభిప్రాయం. కాదు. ఇది పాటల పేట కూడా. సారథీ స్టూడియో ఇక్కడే ఉంది. 1950ల చివరినుంచీ ఎన్ని తెలుగు సినిమాలు అందులో తయారయ్యాయో! మా వీధిలోనే ఒక మేడమీద గదిలోంచి సాయంత్రాలు పియానో వినిపిస్తుంది. దానితోబాటు ఒక ఆడగొంతు మెట్లెక్కినట్టు పైకి పైకి పోతుంది. మెట్రో రైలు చప్పుడు, ఆటోల హారన్లు, ఇడ్లీబండి వాడి కేకలు అన్నిటి మధ్యనా ఆ గొంతు విడిగా వినిపించేది. మైకు లేదు. అరుపు కాదు. మరి ఎట్లా వినపడుతోంది? ఇదీ నా మొదటి ప్రశ్న.

ఆ గొంతు రకాన్ని సొప్రానో అంటారు. పాశ్చాత్యులు స్త్రీల గొంతులను పైనుంచి కిందికి సొప్రానో, మెజ్జో సొప్రానో, కాంట్రాల్టో అనీ, పురుషుల గొంతులను టెనార్, బారిటోన్, బాస్ అనీ విభజిస్తారు. ఒపెరా అంటే పాటతోనే నడిచే నాటకం. సుమారు 1600 ప్రాంతంలో ఇటలీలో పుట్టింది. మనకిది కొత్తేమీ కాదు. యక్షగానాలున్నాయి, త్యాగరాజస్వామి రాసిన 'నౌకాచరిత్రం', 'ప్రహ్లాద భక్తి విజయం' ఉన్నాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు 'కీచకవధ'తో మొదలుపెట్టిన సురభి నాటకాలున్నాయి. మిగతా సమాజాల్లో మగవాళ్ళే ఆడవేషాలు కట్టే రోజుల్లో సురభి కుటుంబాల స్త్రీలు రంగస్థలం మీద నిలబడి పాడారు. వాళ్ళ వారసులు ఇవాళ మన హైదరాబాదులోనే, శేరిలింగంపల్లి సురభి కాలనీలో ఉన్నారు. మన నేలమీద సొప్రానోకి దగ్గరి చుట్టాలెవరంటే వాళ్ళనే చెప్పాలి.

ఇక శాస్త్రం సంగతి. మన గొంతులో రెండు చిన్న కండర మడతలున్నాయి. వాటినే స్వరతంత్రులు అంటాం. స్త్రీలలో వాటి పొడవు సుమారు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల మధ్య. అంటే చిటికెనవేలి గోరంత. ఊపిరితిత్తులనుంచి గాలి వచ్చి నెడితే అవి విడిపోతాయి, మళ్ళీ కలుసుకుంటాయి. మామూలుగా మాట్లాడేటప్పుడు స్త్రీ గొంతులో ఇది సెకనుకి 200 సార్లకు అటూ ఇటూగా జరుగుతుంది, పురుషుడి గొంతులో 110, 120 సార్లు. సొప్రానో గాయని పై షడ్జానికి దరిదాపుల్లో 'హై సి' అనే స్వరం పట్టుకుందనుకోండి, సెకనుకి 1047 సార్లు! మోజార్ట్ 1791లో రాసిన 'మాయా మురళి' ఒపెరాలో రాత్రిరాణి పాత్ర ఇంకా పైకి, దాదాపు 1400 వరకు పోతుంది.

దీన్ని మన అధ్యాపకుల బాధగా మార్చి చూద్దాం. ఒక అధ్యాపకురాలు గంటసేపు పాఠం చెప్పారు. అందులో సగంసేపే గొంతు మోగిందనుకుందాం. 1800 సెకన్లు, సెకనుకి 220 తాకిళ్ళు. అంటే 3,96,000. గంటకి దాదాపు నాలుగు లక్షల సార్లు ఆ గోరంత మడతలు ఒకదానికొకటి కొట్టుకున్నాయన్నమాట! వెనకబెంచీ మిత్రులు ఈ లెక్క గుర్తుంచుకుని కాస్త నిశ్శబ్దంగా ఉంటే నా వ్యాసం సార్థకమైనట్టే.

అయితే మడతలు పుట్టించేది ముడి శబ్దమే. దానికి ఆకారమిచ్చేది పైనున్న గొట్టం, అంటే గొంతు, నోరు. ప్రయోగశాలలో మనమంతా అనునాద స్తంభం ప్రయోగం చేశాం. శ్రుతిదండం కొట్టి గొట్టం పైన పట్టుకుంటాం, నీటిమట్టం దింపుతూపోతాం, ఒకచోట ధ్వని హఠాత్తుగా గుప్పుమంటుంది. నోరు కూడా అలాంటి గొట్టమే. స్వరతంత్రుల వైపు మూసి ఉంటుంది, పెదవుల వైపు తెరిచి ఉంటుంది. పురుషుడిలో దాని పొడవు సుమారు 17 సెంటీమీటర్లు. ధ్వని వేగం సెకనుకి 340 మీటర్లుగా తీసుకుని, దాన్ని పొడవుకి నాలుగురెట్లతో భాగిస్తే మొదటి అనునాదం 500 హెర్ట్జ్ వస్తుంది. స్త్రీలలో గొట్టం ఇంకాస్త పొట్టి, కనుక అనునాదం ఇంకాస్త పైన. నాలుక, దవడ కదిపి ఈ అనునాదాలను మార్చటమే 'ఆ', 'ఈ', 'ఊ' అనే అచ్చుల రహస్యం.

ఇక్కడ ఒక చిక్కుంది. 'ఈ' అన్నప్పుడు మొదటి అనునాదం సుమారు 300 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. గాయని పాడే స్వరమేమో 800. అనునాదం కింద ఉండిపోయింది, స్వరం దాన్ని దాటిపోయింది. గొట్టం ఇచ్చే సాయం వృథా. అప్పుడు గాయని ఏం చేస్తుంది? దవడ కిందికి జార్చి నోరు పెద్దగా తెరుస్తుంది. అనునాదం పైకి లేచి స్వరాన్ని అందుకుంటుంది. మనం నీటిమట్టం దింపి చేసినదాన్ని ఆవిడ దవడ దింపి చేస్తుంది! అదనపు శ్రమ లేకుండానే ధ్వని హాలంతా నిండుతుంది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోహాన్ సుండ్‌బెర్గ్ 1970లలో దీన్ని కొలతలతో వివరించాడు. పురుష గాయకులది మరో దారి. వాద్యబృందం బలం 500 హెర్ట్జ్ ప్రాంతంలో ఎక్కువ. గాయకుడు తన గొంతు బలాన్ని 3000 ప్రాంతంలో పోగుచేస్తాడు. అక్కడ వాద్యాలు పలచగా ఉంటాయి, మన చెవికేమో చురుకు ఎక్కువ. సంతలో అందరూ అరిచేచోట అరవకుండా, ఖాళీగా ఉన్న పక్కకి వెళ్ళి పిలిచినట్టు.

దీనికి చెల్లించే మూల్యం ఒకటుంది. అంత పైన అన్ని అచ్చులూ 'ఆ' వైపే జారిపోతాయి, మాట తెలియదు. 1983లో టొరంటోలో మొదలై ఇవాళ చాలా ఒపెరా హాళ్ళలో మాటలను వేదికపైన అక్షరాలుగా చూపిస్తున్నారు. మన పద్యం దీనికి వేరే ఉపాయం కనిపెట్టింది. మాటలన్నీ అందుబాటు శ్రుతిలో స్పష్టంగా చెప్పేసి, ఆఖర్న 'ఆ...' అంటూ రాగం తీసి పైకి వెళ్తారు. మాటకి మాట దక్కింది, గొంతుకి గొంతు దక్కింది. ఈ సంగతి నాన్నకి చెప్తే "ఇందులో కనిపెట్టేదేముందే, మాకెప్పుడో తెలుసు" అన్నాడు.

ఇక నా గోడు. దసరా తర్వాత ఒక పాటల శిక్షణ కేంద్రంలో చేరాను. పేరు అనవసరం. మిరపకాయల డబ్బులోంచి నాన్న పుస్తకాలకని పంపింది అక్కడ కట్టేశాను. ఇంట్లో చెప్పలేదు. అక్కడి మాస్టారు చెప్పేది ఒకటే మాట: "ఇంకా పైకి, ఇంకా గట్టిగా." గొంతు బొంగురుపోతే "తెగుతోంది, బాగుపడుతుంది" అనేవారు. మా ఊళ్ళోనూ అంతే. నాటకం తెల్లారి గొంతు పోకపోతే రాత్రి సరిగా పాడనట్టు లెక్క. డిసెంబరు వచ్చేసరికి నా గొంతు సగం రోజు పలికేది, సగం రోజు గాలి ఊదినట్టుండేది. ఒక ఆదివారం నాన్న ఫోను చేస్తే "నాన్నా" అనే మాట రాలేదు. గదిలో స్నేహితురాలు అందుకుని "తనకి జలుబండీ" అంది. ఆయన నమ్మలేదు. మర్నాడు పొద్దుటి రైలెక్కి మధ్యాహ్నానికి హాస్టల్ గేటు ముందున్నాడు, చేతిలో సజ్జబూరెల డబ్బాతో.

పంజాగుట్టలో ఒక చెవి ముక్కు గొంతు డాక్టరుగారి దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. సన్నని కెమెరా గొట్టంతో చూసి తెరమీద చూపించారు. తెల్లగా, ముత్యపుచిప్ప అంచుల్లాంటి రెండు మడతలు. వాటి ముందుభాగంలో, తాకిడి ఎక్కువగా ఉండేచోట, ఎదురెదురుగా రెండు చిన్న బొడిపెలు. నాగలి పట్టిన చేతికి కాయలు కాసినట్టే అన్నారు డాక్టరుగారు. ఆపరేషను అక్కర్లేదు, కొన్నాళ్ళు మౌనం, గుసగుస కూడా వద్దు, మంచినీళ్ళు, ఆ తర్వాత గొంతు వాడే పద్ధతి మార్చుకోవాలి అన్నారు. నాన్న తన అరచేతులకేసి చూసుకున్నాడు. బయటికొచ్చాక పంజాగుట్ట మెట్రో మెట్ల కింద నిలబెట్టి, "డబ్బు పోతే పోయింది. నాకెందుకు చెప్పలేదమ్మా?" అని మాత్రం అడిగాడు. నోటుపుస్తకంలో 'చంద్రమతి' అని రాసి చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ మౌనం రోజుల్లో నేను చదివినదే జెన్నీ లిండ్ చరిత్ర. చదివి ఆశ్చర్యపోయాను. 1820లో స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో పుట్టింది. 1838లో, పదిహేడేళ్ళకే, వెబర్ రాసిన ఒపెరాలో నాయిక ఆగతాగా పాడి పేరు తెచ్చుకుంది. సరైన పద్ధతి తెలియకుండా, విరామం లేకుండా పాడటంతో ఇరవై ఏళ్ళకే గొంతు దెబ్బతింది. అప్పుడామె వయసు, ఇప్పుడు నా వయసు ఒకటే. 1841లో పారిస్ వెళ్ళి మాన్యుయెల్ గార్సియా అనే గురువును ఆశ్రయించింది. ఆయన పాట వినిపించమని, విని, ముందు ఆరువారాలు పాడటమే మానేయమన్నాడు. నోరు మూసుకోవటమే మొదటి పాఠం. ఆ తర్వాత సుమారు ఏడాదిపాటు మొదటినుంచీ, ఊపిరి దగ్గరనుంచీ నేర్పించాడు. 1842లో తిరిగి స్టాక్‌హోమ్ రంగస్థలం ఎక్కిన జెన్నీ 1844లో బెర్లిన్‌నూ, 1847లో లండన్‌నూ గెలిచింది. 1849లో, ఇంకా ముప్ఫై నిండకుండానే, ఒపెరా వేషాలు మానేసి కచేరీలకు మళ్ళింది. 1850లో అమెరికా వెళ్ళింది. అక్కడ బార్నమ్ అనే వ్యాపారితో కచేరీకి వెయ్యి డాలర్ల ఒప్పందం! ఆ సొమ్ములో చాలాభాగం ధర్మకార్యాలకి, స్వదేశంలో బడులకి ఇచ్చేసింది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆమె చివరి అంకం. 1883లో లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ తెరిచినప్పుడు ఆమె అక్కడ గాత్ర ఆచార్యురాలిగా చేరింది. 1886 వరకు పాఠాలు చెప్పింది, 1887లో కన్నుమూసింది. ఇరవై ఏళ్ళకి గొంతు పోగొట్టుకుని తిరిగి తెచ్చుకున్న మనిషికంటే మంచి గురువు ఎవరుంటారు?

ఆమె గురువు గార్సియా సంగతి సైన్సు విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. వీణ నేర్పేవాడు శిష్యుడి వేళ్ళు చూడగలడు. గాత్రం నేర్పేవాడికి వాద్యమే కనపడదు. ఈ బాధతోనే ఆయన 1854లో పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దాన్ని తన గొంతులో పెట్టుకుని, మరో అద్దంతో సూర్యకాంతి దానిమీద పడేటట్టు చేసి, పాడుతున్న తన స్వరతంత్రులను తానే చూశాడు. మరుసటి ఏడు లండన్ రాయల్ సొసైటీకి ఆ పరిశీలనలు సమర్పించాడు. పంజాగుట్టలో నా గొంతులోకి దిగిన కెమెరాకి ఆ అద్దమే తాత. డాక్టర్లు తరతరాలుగా వాడిన పరికరాన్ని ఒక పాటల మాస్టారు వాడుకలోకి తెచ్చాడన్నమాట! ఆయన 1805లో పుట్టి 1906లో, నూటొక్క ఏళ్ళు నిండాక పోయాడు.

ఇదంతా ఎక్కడో యూరప్ కథ అనుకోవద్దు. పట్రీషియా రొజారియో 1960లో బొంబాయిలో పుట్టిన మన దేశపు సొప్రానో. లండన్ గిల్డ్‌హాల్‌లో చదివి, ఒపెరాలూ కచేరీలూ పాడి పేరు తెచ్చుకున్నారు. జాన్ టావెనర్ అనే స్వరకర్త ఎన్నో రచనలు ఆమె గొంతుకోసమే రాశాడు. 2001లో బ్రిటిష్ ప్రభుత్వం ఓ.బి.ఇ. ఇచ్చింది. లండన్‌లో సంగీత కళాశాల విద్యార్థులకు గాత్రం నేర్పుతూనే, 2009నుంచి పియానో వాదకుడైన భర్త మార్క్ ట్రూప్‌తో కలిసి భారతదేశం వచ్చి ఇక్కడి పిల్లలకు శిక్షణ ఇచ్చే కార్యక్రమం మొదలుపెట్టారు. మన హైదరాబాదులోనూ లండన్ సంస్థలు పెట్టే గ్రేడు పరీక్షలకు పాశ్చాత్య గాత్రం నేర్చుకునే పిల్లలున్నారు. అయినా ఇది నిక్కచ్చి జీతం వచ్చే ఉద్యోగం కాదు. ఆడిషన్లకు తిరగాలి, వేషానికింత అని ఒప్పుకోవాలి, జలుబు చేస్తే ఆ పూట సంపాదన పోయినట్టే. వానమీద ఆధారపడ్డ సేద్యంలాంటిదే. అందుకే చాలామంది పాడుతూనే పాఠాలు కూడా చెప్తారు. ఒకటి మెట్ట, ఒకటి మాగాణి అనుకోవచ్చు.

జనవరిలో నేను ఆ మేడమీద గది మెట్లెక్కాను. మేడమ్ మొదటి వారం నాచేత పాడించలేదు. నేలమీద పడుకోబెట్టి, పొట్టమీద భౌతికశాస్త్రం పుస్తకం పెట్టి, అది మెల్లగా లేచి మెల్లగా దిగేటట్టు ఊపిరి తీయమన్నారు. తర్వాత నీళ్ళగ్లాసులో స్ట్రా పెట్టి బుడగలు వస్తుండగా శ్రుతి ఊదమన్నారు. నోటిదగ్గర కాస్త అడ్డుంటే వెనక్కి తన్నే ఒత్తిడి వల్ల మడతలు మెత్తగా తాకుతాయిట. "గట్టిగా పాడటం సులువు. సన్నగా, నిండుగా పాడు చూద్దాం" అనేవారు. రుసుము నెలకింత అని చెప్పి, నా ముఖం చూసి, "నువ్వు మా అబ్బాయికి లెక్కలు చెప్పు" అన్నారు. అట్లా కుదిరింది.

శివరాత్రికి ఊరెళ్ళాను. బొడిపెలు తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు. నాటకం రాత్రి పాడొద్దని డాక్టరుగారి మాట. ఎప్పటిలాగే చంద్రమతి బయటినుంచి వచ్చింది. యాభై దాటిన మనిషి. పాతికేళ్ళుగా ఊరూరా పాడుతోంది. తెల్లారి మా ఇంటి అరుగుమీద కాఫీ తాగుతూ మామూలుగా మాట్లాడుతోంది. నాన్న గొంతేమో పూర్తిగా పోయింది. "మీ గొంతెట్లా నిలిచింది పిన్నీ?" అని అడిగాను. ఆవిడ నవ్వి, పొట్టమీద చెయ్యి పెట్టుకుని, "గొంతుతో పాడితే గొంతు పోద్ది. నేను ఇక్కణ్ణించి పాడతా. మా అమ్మ నేర్పింది" అంది. త్యాగరాజస్వామి కూడా స్వరాలు ప్రకాశించే స్థానాలు చెప్తూ నాభితోనే మొదలుపెట్టారు గదా! గార్సియా అద్దం, సుండ్‌బెర్గ్ కొలతలు, మా ఊరి చంద్రమతి చెయ్యి చూపించిన చోటూ, అన్నీ ఒకే మాట చెప్తున్నాయి.

"వచ్చే ఏడు నువ్వు లోహితుడి పక్కన నిలబడు, నేను మొదటి రోజు పాడతా, రెండో రోజు నువ్వు పాడు" అందావిడ నాతో. నాన్న పక్కనే ఉన్నాడు. మాట రావటంలేదు గనక, నా నోటుపుస్తకం అందుకుని అందులో ఏదో రాసి నాకిచ్చాడు. విప్పి చూస్తే, "ఆ మేడమ్ దగ్గర నాకూ నేర్పిస్తావా" అని ఉంది.

కనుక మిత్రులారా, పరీక్షల ముందు బిగ్గరగా బట్టీపట్టేవారూ, క్రికెట్ మైదానంలో కేకలేసేవారూ, సంఘం ఎన్నికల్లో నినాదాలిచ్చేవారూ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. బొంగురుపోవటం గొప్పకాదు, హెచ్చరిక. మూడు వారాలు దాటినా తగ్గకపోతే వెంటనే డాక్టరుకి చూపించుకోండి. చేను దున్నేవాడికి భూమికి విశ్రాంతి ఎప్పుడివ్వాలో తెలుసు. గొంతు సంగతీ అంతే.